నోటిమాట కిలోలు

విహారానికి ఎగిరిన చిన్న విమానం సరస్సులో కూలిన మూడో రోజున, దర్యాప్తు అధికారి బరువు చూసే మిషనును చంకన పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. నలుగురూ బతికారు. పైలట్‌కు కాలు విరిగింది. లైసెన్సు ఊడేలా ఉంది. ‘పైలట్ తప్పిదం’ అని పై అధికారి నివేదికను ముందే టైపు చేయించి, సంతకానికి చోటు వదిలి పంపాడు.

ఆ విహార విమానం టికెట్ కౌంటర్‌లో ఎవరినీ తూచరు. ముచ్చటపడి వచ్చినవారిని మిషను ఎక్కించడం మర్యాద కాదని, అడిగి రాసుకుంటారు. ముగ్గురు ప్రయాణికులూ కలిపి రెండువందల మూడు కిలోలన్నారు. పైలట్ కాక విమానం మోయగలిగేది రెండువందల పదిహేను. కాగితం మీద అది హాయిగా ఎగిరింది.

అధికారికి తన సంగతీ గుర్తొచ్చింది. మొన్న ఏదో ఫారంలో బరువు దగ్గర తాను వేసిన అంకె పెళ్ళినాటిది. మనిషి తన గురించి చెప్పుకునేది అబద్ధం కాదేమో, పాతబడిన నిజమేమో అనుకున్నాడు. గాలికి మాత్రం ఆ తేడా పట్టదు.

వార్డులో రిటైరైన హెడ్మాస్టారు, ఆయన భార్య, ఆమె తమ్ముడు పక్కపక్క మంచాల మీద ఉన్నారు.

“ఒక్కసారి ఎక్కండి మాస్టారూ.”

“ముప్పై ఏళ్ళు పిల్లలకి నిజం చెప్పడం నేర్పినవాణ్ణి. నా మాట మీద నమ్మకం లేదా?”

“అరవై ఎనిమిది అన్నారు.”

“అప్పుడు పరగడుపున ఉన్నాను.”

“నువ్వు పరగడుపున ఉండగా మా అక్క కూడా చూళ్ళేదు బావా!” అన్నాడు తమ్ముడు.

“అయితే నువ్వెక్కరా ముందు!”

తమ్ముడికి హఠాత్తుగా నడుం పట్టేసింది. దుప్పటి ముసుగు లాక్కున్నాడు.

“మీ సంతకం లేకుండా బరువు రాయకూడదని రూలు,” అన్నాడు అధికారి. “రాయకపోతే పైలట్ ఇక విమానం నడపలేడు.”

“పాపం, మంచివాడు,” అన్నారు మాస్టారు. “ఇంకో ఉద్యోగం చూసుకుంటాడు లెండి.”

ఆవిడ మంచం దిగింది.

“విరిగిన కాలుతో నన్ను ఒడ్డుకి లాగింది అతనే. నా బరువెంతో అతనికి అప్పుడే తెలిసింది. ఇప్పుడు మీకు తెలిస్తే నాకేం పోయింది?”

అరవై అని చెప్పిన మనిషి ఎనభై మూడు తూగింది. ఆ ఒక్క నిజంతోనే లెక్క హద్దు దాటింది.

“మిషను పాడైంది,” అన్నారు మాస్టారు.

“మీరెక్కితే తెలిసిపోతుందిగా!” అందావిడ.

మాస్టారు కిటికీలోంచి చెట్లు చూడసాగారు.

ఫోన్‌లో పై అధికారి మండిపడ్డాడు. “మర్యాద వల్ల విమానం కూలిందని రాస్తావా? నలుగురూ నవ్విపోతారయ్యా!”

“నవ్వనివ్వండి సార్.”

ఆవిడ సంతకం పెట్టి, గొంతు తగ్గించి అంది: “అంకె కాస్త చిన్నగా వెయ్యి నాయనా.”

టైపు చేసిన వాక్యాన్ని కొట్టేసి, ‘ప్రయాణికులను తూచకుండా ఎక్కించడం’ అని రాశాడు అధికారి. అంకె దగ్గర ఒక్క క్షణం కలం ఆగింది. తర్వాత అందరికీ కనబడేంత పెద్దదిగానే వేశాడు.