భ్రమరాంబ తొందర

నేను ఒక బిళ్లని. రూపాయి బిళ్లంత ఉంటాను, కానీ నన్నిస్తే చాక్లెట్ ముక్క కూడా రాదు. ఒక కాలేజీ ల్యాబులో పుట్టాను. మెడ కింద అంటించుకుంటే ఉండుండి గుయ్యిమంటాను. వేలికి తగిలించిన బటన్ నొక్కితే ఊరుకుంటాను. బుర్ర ఖాళీగా ఉన్నవాళ్లు చప్పున నొక్కుతారు, పనిలో మునిగినవాళ్లకి ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని బట్టి బుర్ర మీద ఎంత బరువుందో లెక్కగడతారు. ఎంతమంది మెడల కింద అంటుకున్నానో! అలసిపోయామని మనుషులు నోటితో చెబితే నమ్మరట, నాలాంటి బిళ్ల చెబితే నమ్ముతారట. చోద్యం కాకపోతే ఏమిటి!

చివరికి నన్ను కాకినాడలో అంబులెన్సు ఫోన్లు ఎత్తే గదికి తెచ్చారు. అక్కడ భ్రమరాంబ ఒక్కతే రెండు ఫోన్లు చూస్తోంది. ఒక చెవిలో పురిటినొప్పులు, ఇంకో చెవిలో లారీ గుద్దిన మనిషి. "నా వల్ల కావట్లేదండీ, ఇంకో మనిషినివ్వండి" అని ఆవిడ మొత్తుకోగా మొత్తుకోగా, సరే, కొలిచి చూద్దామన్నారు పైవాళ్లు.

నన్ను తెచ్చిన పరిశోధకుడు శ్రీవత్స మంచివాడే. "ముందు మీ పని చూసుకోండి మేడమ్. వీలైతేనే నొక్కండి" అన్నాడు.

"అలాగేనండి. ఎంతలోపు నొక్కితే పాసండీ?"

"ఇది పరీక్ష కాదండీ."

ఆవిడ నవ్వింది. పరీక్ష కాదంటూనే పెట్టిన పరీక్షలు ఎన్ని చూసిందో! ఆలస్యమైతే చేతకానిదంటారనీ, కాంట్రాక్టు ఉద్యోగం ఊడుతుందనీ ఆవిడ బెంగ. ఇంక చూడండి, నేను గుయ్యిమనడమే తడవు, నొక్కేసేది. అవతల ఎవరో ఏడుస్తూ వీధి పేరు చెబితే, ముందు నన్ను నొక్కి, "మళ్లీ చెప్పండి బాబూ" అనేది. ఓసి పిచ్చితల్లీ, ఆలస్యం చెయ్యవే అని నా గోల. కానీ నాకొచ్చిన భాషంతా ఆ ఒక్క గుయ్యే.

ఫలితం వచ్చింది. ఈ సీటులో భారం తక్కువే, రెండో మనిషి అక్కర్లేదు, సామర్లకోట ఫోను కూడా ఈవిడకే ఇవ్వచ్చు అని తేల్చారు. శ్రీవత్స ఏదో అనబోయాడు. బిళ్ల అబద్ధం చెబుతుందా అన్నారు పైవాళ్లు.

"అదేంటండీ, నేను బాగానే నొక్కానుగా?" అంది భ్రమరాంబ. సామర్లకోట ఫోను తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టారు.

నన్ను తీసుకెళ్లడం మరిచిపోయారు. ఆవిడ సొరుగులో ఎండిపోయిన పెన్నుల పక్కన పడున్నాను. బ్యాటరీ ఇంకా చావలేదు. నిన్న మూడు ఫోన్లూ ఒక్కసారి మోగుతుంటే గుయ్యిమన్నాను. సొరుగు తెరిచే ఉంది, బటన్ ఆవిడ చేతికందేంత దూరంలోనే ఉంది. నొక్కలేదు. మళ్లీ గుయ్యిమన్నాను. ఆవిడకి వినబడనేలేదు.

నేనడిగినదానికి ఆవిడ ఇచ్చిన మొదటి నిజమైన జవాబు అదే. రాసుకునేవాళ్లే లేరు.