అద్దం మీది ఎర్రతల కొంగ

దగ్గరికి జరగండమ్మా. వెనకున్నవాళ్లు ముందుకు రండి. చలికాలపు మాట చలిలోనే వినాలి.

బస్సు నడిపి రిటైరైన ఒక మామగారు, ఆస్పత్రిలో నర్సు పని చేసే ఆయన కోడలు. చలికాలంలో ప్రతి ఆదివారం తెల్లారగానే పాత వ్యానులో కాలవగట్టు మీదుగా చెరువు దాకా పోయేవాళ్లు, పిట్టల్ని చూడటానికి. ఫ్లాస్కులో టీ, కోడలి మెడలో బైనాక్యులర్స్. బండి స్టార్ట్ చేసే ముందు, ఆ ఊళ్లో అందరూ చేసినట్టే, ముందద్దం మీద ఎవరి వైపు వాళ్లు ఊపిరి ఊదేవాళ్లు. ఆ రోజు ఎవరికి ఏ పిట్ట కనబడాలో ఆ ఆవిరిలో తేలేది. ఏదీ తేలనివాళ్లకి మర్నాడనేది ఉండేది కాదు. పోయినేడు పాలవ్యాను నడిపే ఆయనకి అద్దం ఖాళీగా వచ్చింది. ఎందుకైనా మంచిదని ఇంటికెళ్లి దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. మధ్యాహ్నానికి ఆ దుప్పటే మొహం మీదికి లాగాల్సొచ్చింది.

ఆ ఆదివారం కోడలు ఊదింది. ముందొక కాకి తేలింది. దాని పక్కన సన్నటి కాళ్లు, పొడుగాటి మెడ, తల దగ్గర ఆవిరి ఎర్రగా కందింది.

"మామయ్యా! ఎర్రతల కొంగ! ఆరేళ్లకి వచ్చింది!"

"చెప్పలా నేను? ఇవాళ నీకది చూపించే ఇంటికొస్తా" అంటూ ఆయన తన వైపు ఊదాడు. ఊది, వెంటనే మోచేత్తో తుడిచేశాడు.

"మీకేం పిట్టొచ్చింది?"

"పిచ్చుక. ముసలాడికి అదే ఎక్కువ."

'నొప్పి లేదమ్మా' అని రోగులు బొంకే గొంతు ఆవిడకి తెలియనిదా!

"మళ్లీ ఊదండి."

"ఊదినకొద్దీ రావడానికి అదేమన్నా బుడగలాటా?"

"నా మీద ఒట్టు."

ఊదాడు. తెల్లటి ఆవిరి, అంతే.

"ఇంటికి పోదాం మామయ్యా."

"పోయి దుప్పటి కప్పుకోనా? వచ్చేది ఇంటికి రాదా ఏం? ఇన్నేళ్లూ ఎంతమందినో దించాల్సిన చోట దించాను. నిన్నొక్కదాన్నీ నీ కొంగ దగ్గర దించనీ తల్లీ."

ఆవిడ అద్దం మీద తన వైపున్న కొంగకేసి చూసింది. "లైట్ల మీద మంచు పట్టింది, తుడిచి రండి" అంది చివరికి.

ఆయన దిగాడు. ఆవిడ దేవుణ్ణి తలుచుకుని, కొంగ కాళ్ల కింద వేలు పెట్టి, చెదరకుండా, మెల్లగా అద్దం మీదే ఆయన వైపుకి తోసింది. ఇటు కాకి మిగిలింది. ఆయన ఎక్కేసరికి ఆవిరి ఆరిపోయింది.

గట్టు మీద పొగమంచు. ఓ పక్క కాలవ, ఓ పక్క లోయలాంటి పల్లం. కోడలు బయటికి చూడ్డంలేదు. స్టీరింగ్ మీద ఆయన వేళ్లనీ, ఎగిసిపడే ఆయన ఛాతీనీ చూస్తోంది. తోసింది సరిగ్గా ఆయన వైపేనా? తోసేటప్పుడు కొంగ మెడ విరగలేదు కదా?

"రోడ్డు చూడమ్మాయ్. నా మొహంలో ఏ కొంగా లేదు."

అంటూనే ఆయన బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు. వ్యాను కీచుమంటూ జారి, వణికి, ఆగింది.

"అదుగో! రోడ్డు మధ్యలో! నా అంత ఎత్తుంది! చూడు, చూడు!"

ఆవిడకి మంచు తప్ప ఏమీ కనబడలేదు.

"రెక్కలు విప్పింది... లేచిపోయింది. చూశావా?" ఆమె వైపు తిరిగాడు. గొంతు తగ్గిపోయింది. "అది నీది కదా. నాకెట్లా కనబడింది?"

ఆవిడ తలుపు తీసుకుని దిగింది. నాలుగడుగులు వేసి ఆగిపోయింది. ముందు రోడ్డు లేదు. కల్వర్టు కూలి, అడుగున నీళ్లు హోరుమంటున్నాయి. ఆయన వచ్చి చూసి, అక్కడే నేల మీద కూలబడ్డాడు.

"ఆరేళ్లు చూశావు దానికోసం, అమ్మాయ్..."

"నాకు కాకి ఉందిలెండి."

పిలిచినట్టే ఓ కాకి వచ్చి వ్యాను మీద వాలి కావుమంది. ఇద్దరూ నవ్వుతున్నారో ఏడుస్తున్నారో ఆ కాకికే తెలియాలి.

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. లేచేముందు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. రేపు మీ పక్కవాళ్ల అద్దం ఖాళీగా ఉంటే, ఆవిరి ఆరకముందే మీ పిట్టని అటు తొయ్యండి. అడక్కండి, చెప్పకండి. మనకి కాకి చాలు.