కుంటినీడ

పొద్దు బారెడెక్కగానే మంగరాజు గారు దొడ్లో పీట వేసుకుని కూర్చుంటారు. కోళ్లని చూడ్డానికి కాదు, వాటి నీడల్ని చూడ్డానికి. నర్సీపట్నంలో కోడికి తన నీడ పడదు, తండ్రి నీడ పడుతుంది. పెట్ట నడుస్తుంటే పక్కన పుంజు నీడ నడుస్తుంది. సంతలో కోడిని బేరమాడేవాళ్లు ముందు దాన్ని ఎండలోకి తెమ్మంటారు.

మద్రాసులో ఆ అలవాటు లేదు, అక్కడ కాయితాలు చూస్తారు. నాలుగేళ్ల కిందట మంగరాజు గారూ కాయితాలే చూసి ఒక దొర దగ్గర సీమపుంజుని కొన్నారు. యలమంచిలి దాకా రైల్లో, అక్కణ్ణించి ఎడ్లబండిలో, చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. మల్లెపువ్వు తెలుపు! ఎండ తగిలితే ఈకలు పసుపెక్కుతాయని దాన్ని తాటాకుపాక దాటనివ్వరు. దాని కూతుళ్లలో రొమ్మెముక వంకర లేనివి ఏరి, మళ్లీ దానికే జత కట్టేవారు. మిగిలినవి కూరలోకి. ఎలాగైనా వ్యవసాయ ప్రదర్శనలో మెడల్ కొట్టాలని ఆయన పట్టుదల.

కోళ్లకి మేత వేసి పాక ఊడ్చేది లోవమ్మ. మొగుడు పోయాక ఆ ఇంటి గింజలే ఆవిడకి రెండుపూటలా ఆధారం. ఆవిడ మీదా రాజు గారికి అనుమానమే. ఎవరి మీద లేదు గనక! పక్కింటి బాలన్న దగ్గితే తన నాటుపుంజుకి సైగ చేస్తున్నాడనేవారు.

ఆ ఏడు శ్రావణమంతా ముసురు. నీడపరీక్ష లేకుండానే పిల్లలు పెరిగాయి. అందులో ఒక తెల్లపుంజుపిల్ల ఎంత ఏపుగా ఎదిగిందంటే, రాజు గారికి నిద్ర పట్టలేదు. ఇంత బాగుందేమిటి, ఇందులో ఏదో ఉంది అనుకున్నారు.

ఎండ కాసిన రోజు దాన్ని బయటికి వదిలారు. నేలమీద నీడకి పొడుగుకాళ్లు, ముంగిస కొరికిన జుట్టు. అచ్చం బాలన్న పుంజు!

"ఏటే లోవా! ఆ నాటుపుంజుని గోడ ఎవడు దాటించాడు?"

"నానే బాబూ," అంది లోవమ్మ. "సగం పిల్లలు గుడ్డులోనే సచ్చిపోతన్నాయి. బతికినియ్యి కాళ్లు సాపేసి కూలబడిపోతన్నాయి. తండ్రికీ కూతురికీ జత కడితే ఏటవుద్ది? కొత్త రగతం రావాల బాబూ."

"బాలన్న నేర్పాడా ఈ మాటలు? వంశం చెడగొట్టి నాకే సుద్దులు చెప్తావా! ఫో, మళ్లీ నా గుమ్మం తొక్కకు."

లోవమ్మ ఇంట్లో రేపటికి గింజ లేదు. అయినా, "పోతాను బాబూ. ఆ పిల్లని మాత్తరం కొయ్యకండి," అంది.

రాజు గారికి ఒళ్లు మండిపోయింది. "అసలైన నీడంటే ఏటో చూసి మరీ పో!" అంటూ పాకలోకి వెళ్లి, సీమపుంజుని చంకలో పెట్టుకొచ్చి దొడ్డి నడుమ దింపారు.

పుంజు దర్జాగా నాలుగడుగులు వేసింది. నీడ కుంటింది. పెంటకుప్పలు గోక్కుని బతికే, ఈకలూడిన ఊరపుంజు నీడ అది.

రాజు గారు పీట కోసం తడుముకుని, దొరక్క నేలమీదే కూలబడ్డారు. బాలన్న గోడవతల దగ్గాడు. లోవమ్మ గబగబా వెళ్లి పుంజుమీద గంప బోర్లించింది.

"నీకు ముందే తెలుసా?" అన్నారాయన గొంతు తగ్గించి.

"పాక ఊడ్సేది నానే కదా బాబూ. తాటాకు సందుల్లోంచి ఎండ పడతాది."

"మరి నాలుగేళ్లూ చెప్పలేదేం?"

"తవరు సంతోసంగా ఉన్నారు."

ఆయన గంపకేసి చూసి, తెల్లపుంజుపిల్ల వైపు తిరిగారు. లోవమ్మ చీపురు గోడకి ఆనించి, "ఎలిపోనా బాబూ?" అంది.

"ఎక్కడికే? ప్రదర్శనకి ఆ పిల్లని ఎవరు తయారు చేస్తారు? ఇకమీదట ఏ పెట్టకి ఏ పుంజో నువ్వే చెప్పు. జతలు నువ్వే కట్టు."

అందాకా కన్నీటిబొట్టు రాల్చని లోవమ్మ అప్పుడు భోరుమంది.

"ష్! ఏడుస్తావేటే," అన్నారు రాజు గారు, కళ్లు తుడుచుకుంటూ గోడవైపు చూసి. "బాలన్న వింటాడు."