చేతులు చాలు

శనివారం పొద్దున కోళ్ళు కాల్చే పెద్ద పొయ్యి మీది ఇనప జాలీ తోముతున్నాను. మసి గోళ్ళ సందుల్లోకి దిగిపోయింది. రోడ్నీ ఫోను పట్టుకొచ్చి వీడియో తీస్తూ, "ఏయ్ ట్వైలా, ఆ మొహం ఫ్రేములోకి రానీకు. చేతులు చాలు," అన్నాడు. ఏళ్ళ తరబడి అదే మాట.

ఆ చైనా వాళ్ళ వీడియోల యాప్‌లో మా ఆయన రోడ్నీ గొప్ప వంటగాడు. గడ్డి టోపీ పెట్టుకుని, నిప్పుల మీంచి తీసిన కోడిని తెల్ల సాస్ బకెట్లో నిలువునా ముంచి ఎత్తి, "ఇదీ మా ఎల్బర్ట్ తాత చేతి రుచి!" అంటాడు. లక్షలమంది చూస్తారు. ఆ కోడికి ఉప్పు పట్టించింది నేను. తెల్లారకముందే లేచి హికరీ కట్టెలు అంటించింది నేను. ఆ సాస్ మా అమ్మమ్మ ఓపల్‌ది. వెనిగర్ ఎంతో, మిరియాలు ఎంతో ఆవిడ నా నాలుక మీద రాసి నేర్పింది. ఎల్బర్ట్ తాతకి గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

ఇప్పుడు బర్మింగ్‌హామ్ నుంచి ఒక కంపెనీ వచ్చింది. సాస్‌ని సీసాల్లో పోసి ఊరూరా అమ్ముతారట. సీసా మీద రోడ్నీ మొహం, కింద ఎల్బర్ట్ తాత పేరు. బుధవారం సంతకాలు. ఆ పేరుతో ఒక్కసారి సంతకం పడిందా, అమ్మమ్మ సాస్ ఇక మాది కాదు. ఆ మాటే అంటే రోడ్నీ నవ్వాడు. "ఓపల్ ఎవరే? ఎవడికి తెలుసు?" మా అత్తగారు మిస్ ఎర్లీన్ అందుకున్నారు. "మగాడి పేరుంటేనే సీసా కదులుతుందమ్మాయ్. నీకెందుకా గోల?" నేను గుమాస్తాగా ఉన్న పళ్ళ డాక్టరు దగ్గరా నాకు పేరు లేదు. "రోడ్నీ వాళ్ళావిడా, ఈసారి కాస్త సాస్ పట్రా," అంటాడాయన. ఇదంతా లోపల బాధగా ఉందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. బాధ కాదు, పగ.

ఆ వారమే ప్రభుత్వం పెట్టిన గడువు ముగుస్తోంది. చైనా వాళ్ళు యాప్‌ని మన దేశం వాళ్ళకి అమ్మెయ్యాలి, లేదా ఆదివారానికల్లా ఇక్కడ దుకాణం కట్టెయ్యాలి. ఊరంతా తిట్టుకుంటుంటే నాకు మాత్రం ఆ చట్టం ముద్దొచ్చింది. నీ గుప్పిట్లో ఉన్నది వదులు, లేదంటే మూసెయ్ అని గట్టిగా చెప్పేవాళ్ళు ఒకరుంటారన్నమాట. మా ఇంటికి అలాంటి చట్టం ఎవరు చేస్తారు?

యాప్ ఇక ఉండదనేసరికి అందులోని పేరున్న వాళ్ళంతా ఒకళ్ళని చూసి ఒకళ్ళు తమ అబద్ధాలు బయటపెట్టడం మొదలెట్టారు. ఒకావిడ తన అందమైన వంటిల్లు తోటికోడలిదని చెప్పింది. ఒకడు ఇన్నాళ్ళూ చూపించిన కుక్క పక్కింటి వాళ్ళదన్నాడు. రోడ్నీ పగలబడి నవ్వుతున్నాడు. వంటింట్లో రేడియో మాత్రం ఇంకో మాట చెబుతోంది. కొత్త ప్రభుత్వం గడువు పెంచేలా ఉందనీ, యాప్ ఆగినా మళ్ళీ రావచ్చనీ. నేను రేడియో కట్టేశాను.

"నువ్వూ ఏదన్నా చెప్పరాదూ?" అన్నాను, బీరు అందిస్తూ.

"చెప్తే పోయిందేముంది! శవం చెవిలో చెప్పినట్టే కదా," అని టోపీ సర్దుకున్నాడు. ఫోను నేనే పట్టుకున్నాను. "ఒరేయ్ జనాలూ, నిజం చెప్తున్నా వినండి. ఈ సాస్ మా తాతది కాదు. ట్వైలా వాళ్ళ ముసలమ్మది. ఈ పొయ్యి నేను ఒక్కనాడు వెలిగించిన పాపాన పోలేదు. అదే లేస్తుంది, అదే కాలుస్తుంది, అదే తోముతుంది. నాదల్లా టోపీ, నవ్వు! దాని మొహం పెడితే ఎవడు కొంటాడు, మీరే చెప్పండి?"

"పెట్టెయ్యనా?"

"పెట్టవే. రేపటికి ఉంటుందా ఏమన్నానా!"

పెట్టాను. ఆ రాత్రి యాప్ ఆగిపోయింది. రోడ్నీ గుర్రు పెట్టి నిద్రపోయాడు.

ఆదివారం చర్చి అయ్యాక వెనక హాల్లో అందరికీ భోజనాలు. కోళ్ళని సాస్‌లో ముంచి తీస్తున్నాను. హాల్లో ఫోన్లు ఒకదాని తర్వాత ఒకటి మోగాయి. యాప్ తిరిగొచ్చింది. రోడ్నీ గొంతూ వచ్చింది, నాలుగైదు బల్లల మీంచి ఒకేసారి. వరసలో నిలబడ్డ మిస్ డెల్ఫీన్ పళ్ళెం పక్కన పెట్టి, "ఓసి ట్వైలా! ఇన్నాళ్ళూ మేం తిన్నది నీ చేతి వంటటే!" అని అరిచింది. రోడ్నీ తేలు కుట్టిన దొంగలా నా పక్కకొచ్చి చేరాడు.

"తీసెయ్యవే. దణ్ణం పెడతాను, తీసెయ్."

"చేతులు ఖాళీ లేవు."

"వాడి పరువు తీశావు కదే!" అన్నారు అత్తగారు.

"పరువు నేను తియ్యలేదు మిస్ ఎర్లీన్. వీడియో ఒక్కటే తీశాను."

ఖాతా నా పేరు మీదే ఉంది. పాస్‌వర్డులు గుర్తుపెట్టుకోవడం, బట్టలు మడతపెట్టడం ఆడవాళ్ళ పనని మొదట్లోనే నాకు ఒప్పగించాడు మరి. సోమవారం కంపెనీ ఆవిడ ఫోన్ చేసి, రోడ్నీ కోసం కాదు, నా కోసం అడిగింది. సాస్ ఎవరిదో వాళ్ళతోనే సంతకాలన్నది. సీసా మీద ఓపల్ అని వెయ్యమన్నాను, సరేనంది. రోడ్నీ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

"మరి నా సంగతి? జనం నన్నడుగుతారు."

"నీకూ గడువిస్తున్నాను. యాప్‌లో కనబడాలనుంటే, బుధవారం నేనొచ్చేసరికి జాలీ తోమి ఉండాలి. వద్దనుకుంటే ఖాతా మూసేస్తాను."

బుధవారం సంతకాలు చేసి సాయంత్రానికి ఇల్లు చేరాను. పెరట్లో రోడ్నీ మోకాళ్ళ మీద కూర్చుని జాలీ తోముతున్నాడు. మోచేతుల దాకా మసి. నా చేతిలో ఫోను చూడగానే అలవాటుగా టోపీ సర్దుకుని, మొహం పైకెత్తి నవ్వాడు.

ఫోను కిందికి వంచాను.

"మొహం వద్దు రోడ్నీ. చేతులు చాలు."