రెండు గాట్ల పుల్ల

ఆ షాపులో ఎస్సెస్డీని పుల్ల అంటారు. చిటికెన వేలంత పొడుగున్న పలుచని పలక, దాని మీద నాలుగు నల్ల చిప్పులు, ఒక చివర బంగారు రంగు పళ్ళు. కంప్యూటర్‌లో దాచుకున్నదంతా అందులోనే ఉంటుంది. రీడర్‌లో గుచ్చితే తెర మీద కనబడిందా, పుల్ల మాట్లాడినట్టు. కనబడలేదా, చచ్చినట్టు. చచ్చిన పుల్లను సొంతదారు కళ్ళముందే కట్టర్‌తో రెండు ముక్కలు చేసి చేతిలో పెట్టడం బావ పెట్టిన ఆనవాయితీ. తమ సంగతులు పరాయివాళ్ళ చేతిలో పడవని జనానికి ధీమా, తన నిజాయితీ నలుగురికీ తెలుస్తోందని బావకు సంబరం.

బామ్మర్దికి ఆ తంతు చూస్తే ఒళ్ళు మంట. ఆ మాటకొస్తే బావ ఏం చేసినా అతనికి ఒళ్ళు మంటే. నలభై దాటిన మనిషి, సొంత షాపు మూతపడి, అక్క ఇంట్లో తింటూ బావ షాపులో స్క్రూలు విప్పుతున్నాడు. మండక ఏమవుతుంది? బావేమైనా తక్కువ తిన్నాడా? ఎదుటివాడి పరువు తీయడంలో ఆయనది చెయ్యి తిరిగిన పని.

ఆ పొద్దున్నే చూడండి. కొత్త పుల్ల వేస్తే లాప్‌టాప్ రాకెట్‌లా దూసుకుపోతుందని బావ ఎవరికో ఊదరగొడుతుంటే, బామ్మర్ది ఊరుకోలేక, "దీని గాడి పాతది కదా బావా, అంత వేగం రాదు" అన్నాడు. వచ్చినవాడు మళ్ళీ వస్తానని జారుకున్నాడు. బావ కేకలు వేయలేదు. బల్లమీద చేతులు ఆనించి నింపాదిగా అడిగాడు.

"నిన్ను పనికి పెట్టుకున్నానా, నాకు పాఠాలు చెప్పడానికి పెట్టుకున్నానా?"

"ఉన్న మాటే కదా బావా."

"కస్టమర్ ముందు ఇంక నోరు తెరవను అను."

"ఇప్పుడవన్నీ ఎందుకులే."

"అను. లేదంటే ఇంటికెళ్ళి మీ అక్కతో చెప్పి నీ బట్టలు సర్దుకో."

ఛార్జర్ కోసం వచ్చిన ఇద్దరమ్మాయిలు నవ్వు ఆపుకోలేక మొహాలు తిప్పుకున్నారు. వాళ్ళ ముందే ఆ మాట అన్నాడు పాపం బామ్మర్ది. తల కొట్టేసినట్టయింది.

మధ్యాహ్నం ఒక బస్సు డ్రైవరు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె మెడకు తెల్లటి మెత్తని గుడ్డ చుట్టి ఉంది. ఊపిరి ఆ గుడ్డ కిందినుంచే వస్తూ పోతూ ఉంది. ఏదో చెప్పబోతున్నట్టు పెదవులు కదిలాయి. చప్పుడు లేదు. డ్రైవరు ఆ పెదవులు చూసి, తడుముకోకుండా పైకి చెప్పాడు.

"'ముందు పనయ్యేదీ లేనిదీ చెప్పండి' అంటోంది. గొంతులో గడ్డ వస్తే మొత్తం తీసేశారండీ. ఇప్పుడు మా ఇంట్లో ఇద్దరి మాటలూ నేనే మాట్లాడుతున్నా."

లాప్‌టాప్ బల్లమీద పెట్టాడు. ఆపరేషన్‌కు ముందు ఆమె రోజూ కూర్చుని, ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన వాక్యాలు వందలకొద్దీ చదివి రికార్డు చేసిందట. వాటితో ఆమె గొంతునే తయారుచేస్తామన్నారట. ఫోన్‌లో టైపు చేస్తే చాలు, ఆమె గొంతే పలుకుతుంది. వాటిని ఆసుపత్రికి ఇంకా పంపనే లేదు, లాప్‌టాప్ మీద నీళ్ళ చెంబు బోల్తాపడింది.

"ఇంకెక్కడా దాచలేదా?" అన్నాడు బావ.

"దాచాలని తెలిస్తే కదండీ." ఆమె పెదవులు చూసి నవ్వాడు డ్రైవరు. "'గొంతు రానీ, మొట్టమొదటి చివాట్లు నీకే' అంటోంది. చెంబు పెట్టింది నేనే లెండి. తిట్టించుకోవడానికే తెచ్చా."

బావ లాప్‌టాప్ విప్పి పుల్ల ఊడదీశాడు. తడి ఆరిందో లేదో చూడమని బామ్మర్ది చేతికిచ్చాడు. అతను దీపం కింద తిప్పి చూశాడు. తడి లేదు, తుప్పు లేదు, నిగనిగలాడుతోంది. పళ్ళ వరుసలో రెండు గాట్లున్నాయి.

ఈ గాట్ల సంగతి ఇంతే. ఒక గాటున్న పుల్ల కొత్త భాష మాట్లాడుతుంది, ఎన్‌వీఎంఈ అని. రెండు గాట్లున్నది చాలావరకు సాటా అనే పాత భాష. ఒడ్డూ పొడుగూ మాత్రం రెండూ ఒకటే. పోయిన నెల బావ ఊరంతా చాటి కొన్న రీడర్‌కు కొత్త భాష ఒక్కటే వచ్చు. దాని గాడిలో రెండు గాట్ల పుల్ల కూడా చక్కగా దిగుతుంది. దిగుతుంది గానీ ఒకరి మాట ఒకరికి తెలియదు, తెర మీద ఏమీ రాదు. రెండు భాషలూ వచ్చిన పాత రీడర్ బీరువా మీద దుమ్ము కొట్టుకుని పడుంది. చెయ్యి చాపితే అందుతుంది.

బావ పుల్లను కొత్త రీడర్‌లో దించాడు. తెర ఖాళీ. తీసి మళ్ళీ పెట్టాడు. ఖాళీ.

"ఇది మాట్లాడదమ్మా. చచ్చింది" అన్నాడు, ఎవరితో ఏమంటున్నాడో చూసుకోకుండా.

బామ్మర్ది నోరు తెరిచాడు. తెరిచిన నోరు వెంటనే మూశాడు. నోరు తెరవొద్దన్నావుగా, తెరవను. కొయ్యి. కోసేదాకా ఆగి, అప్పుడు చెబుతా. ఊళ్ళో నాకంటే తెలిసినవాడు లేడని విర్రవీగుతావే, నీ మొహం ఎలా మాడిపోతుందో కళ్ళారా చూస్తా. అలా అనుకుంటుంటే అతనికి హాయిగా అనిపించింది. చాలాకాలానికి కడుపు చల్లబడినట్టయింది. ఆమె ఎదురుగానే ఉంది. ఆమె వైపు చూడలేదు.

ఆమె చెయ్యి చాపింది.

"'అలాగే ఇచ్చేయండి, ఇంట్లో ఉంచుకుంటా' అంటోంది" అన్నాడు డ్రైవరు.

"ఏం చేసుకుంటారమ్మా, చూసినప్పుడల్లా ఏడవడానికి తప్ప? రేపు ఎవరి చేతిలోనో పడితే ఇంకో తలనొప్పి" అన్నాడు బావ. డ్రైవరు సరేనన్నట్టు తలూపాడు. ఆమె చెయ్యి ఇంకా చాపే ఉంది. భర్తే దాన్ని మెల్లగా దించి పట్టుకున్నాడు.

"కట్టర్" అన్నాడు బావ.

బామ్మర్ది అందించాడు. పిడి బావ వైపు తిప్పి మరీ అందించాడు.

చిప్పుల నడిమికి పటుక్కుమంది. ఆమె భుజాలు ఒక్కసారి ఎగిరాయి. డ్రైవరు రెండు ముక్కలూ జేబురుమాలులో మూటకట్టుకుని, బండి తెస్తానని బయటికి నడిచాడు. తలుపు పడిన చప్పుడు విని, ఇద్దరూ వెళ్ళిపోయారనుకున్నాడు బామ్మర్ది. వంగి బల్లమీది నలుసులు తుడుస్తూ, తీరిగ్గా మొదలుపెట్టాడు.

"బావా, ఆ పుల్లకి గాట్లెన్ని?"

బావ చేతులు ఆగిపోయాయి. బీరువా మీదికి చూశాడు. మొహంలో రంగు మారింది. బామ్మర్ది కోరుకున్నది అదే, కోరుకున్నంతా దొరికింది. ఆ తర్వాత బావ చూపు అతని భుజం మీదుగా వెనక్కి పోయి అక్కడే ఆగింది. అటు చూస్తూనే అడిగాడు.

"నువ్వు ముందే చూశావా?"

"చూడకేం. చేతికిచ్చినప్పుడే చూశా. అది చావలేదు, నీ రీడర్‌కే దాని భాష రాదు. చెబుదామంటే నోరు తెరవొద్దన్నావుగా."

"తెలిసే కట్టర్ అందించావా?"

"తెలిసే అందించా. ఒక్కసారన్నా నీ తల దించుదామని."

బావ గడ్డంతో అటు చూడమన్నట్టు సైగ చేశాడు. బామ్మర్ది వెనక్కి తిరిగాడు.

కుర్చీలో మర్చిపోయిన లాప్‌టాప్ సంచి కోసం ఆగి, దాన్ని గుండెలకు హత్తుకుని ఆమె నిలబడి ఉంది. దగ్గడానికైనా, అయ్యో అనడానికైనా ఆమెకు గొంతేదీ? ఎంతసేపటినుంచి నిలబడిందో అతనికి తెలియలేదు. ఆమె పెదవులు కదులుతున్నాయి. మెడ మీది గుడ్డ ఎగిరెగిరి పడుతోంది. చెప్పిందే మళ్ళీ చెబుతోందని మాత్రం తెలుస్తోంది, ఏం చెబుతోందో తెలియడం లేదు.

"అమ్మా, నేను..." అన్నాడు.

తలుపు తోసుకుని డ్రైవరు వచ్చాడు. ఆలస్యమవుతోందని పిలవబోయి, భార్య పెదవులు చూసి ఆగాడు. అలవాటైన పని కదా, ఆలోచించకుండానే పైకి చెప్పేశాడు.

"'నేను నిన్నేం చేశాను బాబూ' అంటోంది." చెప్పాక గానీ తను చెప్పిందేమిటో అతని చెవికెక్కలేదు. ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "ఎందుకలా అంటోందండీ? ఏం జరిగింది?"

బావ బల్లమీద ఉన్న కట్టర్ తీసి సొరుగులో పెట్టి, సొరుగు మూశాడు.

"చెప్పరా, నీ నోటితోనే చెప్పు" అన్నాడు.