శీలావతి కాపురం

బొచ్చె చేప తలను కత్తిపీటకు అదిమిపెట్టి అప్పలనర్సమ్మ ఒక్క తోపుతో రెండు ముక్కలు చేసింది. అరకు సంతలో మంచు ఇంకా విడలేదు. ఐసు నీళ్ళకు ఆమె వేళ్ళ కొసలు తెల్లగా నానిపోయాయి. పక్కన భర్త వరహాలరావు చేపలు తూస్తున్నాడు.

"శీలావతమ్మా, గుడ్డున్న సేపుందేటి?" మెస్సు నడిపే సన్యాసిరావు అడిగాడు. "గుడ్డు లేని సేపకీ అదే రేటని పేపర్లో అన్నావు కదా!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె ముక్కలు కవర్లో వేసి అందించింది.

ఒకప్పుడైతే మాటకు మాట అనేది. అనంతగిరి ఘాటెక్కే వ్యానులో చేపల పెట్టెల మధ్య కూర్చుని కొండమీదికి వచ్చిన కొత్తలో, ఆమె మాటలకు సంతంతా నవ్వేది. ఆ మాటలకే వరహాలరావు అట్టముక్కల మీద కార్టూను బొమ్మలు గీశాడు. నోరున్న పెళ్ళాం శీలావతి చేప, నోరులేని మొగుడు బొచ్చె. ఒక విలేకరి వాటిని ఫోటో తీసి పంపాడు. అప్పటినుంచి ఆదివారం ఆదివారం జిల్లా పేజీలో వస్తున్నాయి. మొదట్లో ఆ కాగితాలను ఆమే గోడకు అంటించుకుంది.

గుడ్డు మాట మాత్రం ఆమె సంతలో అన్నది కాదు. ఇక పిల్లలు పుట్టరని తెలిసిన రోజున, దుప్పటి ముసుగులో ఏడుస్తూ, అతనొక్కడితోనే అన్నది. అది అచ్చయ్యాక ఇంట్లో నోరు కట్టేసుకుంది. ఉప్పు కావాలన్నా చేత్తోనే చూపిస్తుంది.

ఎండ వచ్చి గిరాకీ పలచబడింది.

"ఈవారం బొమ్మకి ఏటీ తోసట్లేదే. ఏదో ఒకటి అనవే," అన్నాడు వరహాలరావు.

నిన్న ఆసుపత్రిలో విన్న మాట ఆమె గొంతులో ముల్లులా ఉంది. అతనికి కాక ఇంకెవరికి చెప్పుకుంటుంది?

"ఒకటి సెప్తాను మావా. బొమ్మెయ్యకూడదు."

"ఎయ్యను."

"ఒట్టెయ్యి."

"గంగమ్మ తోడే. సెప్పు."

ఆమె కత్తిపీట వైపే చూస్తూ చెప్పింది. "నా కడుపులో గడ్డంట. గర్భసంచి తీసెయ్యాలంట. బేగి వచ్చి సేరమన్నారు."

అతని మొహం పాలిపోయింది. అది చూడలేక, పాత అలవాటు కొద్దీ, ఆమె నవ్వించబోయింది.

"పోన్లే మావా. ఒక్క సేపా దిగని పెట్టి. ఎన్నాళ్ళని మొయ్యను?"

వరహాలరావు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళ వెనకనే ఒక వెలుగు కదిలింది. ఆమెకు బాగా తెలిసిన వెలుగు. అతని చెయ్యి చొక్కా జేబులోని పెన్సిలు దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆగిందని ఆమె చూసింది. అక్కడిదాకా వెళ్ళిందనీ చూసింది.

"నర్సమ్మా, నాను ఎయ్యనే..."

"నువ్వెయ్యవు. నీ సెయ్యే నీ మాటినదు."

ఖాళీ పెట్టెలతో మైదానానికి దిగే వ్యాను హారన్ కొట్టింది. ఆమె లేచి చేతులు కడుక్కుంది. చీర కుచ్చిళ్ళు దులుపుకుంది.

"కింద మాయక్క కాడ ఉంటాను. ఆసుపత్రికి అదే వత్తాది. నువ్వు రాకు."

డ్రైవరు పక్క సీట్లోకి ఎక్కి తలుపు వేసుకుంది. వరహాలరావు తక్కెడ పట్టుకునే నిలబడ్డాడు. వ్యాను మలుపు తిరిగి కాఫీ తోటల నీడలోకి దిగిపోయింది.

కత్తిపీట పక్కన ఆమె చేతులు కడుక్కున్న ఆకుపచ్చ ప్లాస్టిక్ మగ్గు ఉంది. అడుగున మిగిలిన నీళ్ళలో ఒక పొలుసు మెల్లగా తిరుగుతోంది.