బల్ల కింద చెయ్యి

చూపులేనివాళ్లకి దారి చూపే కుక్కలకు మా ఆయన శిక్షణ ఇస్తాడు. అందుకే మా పెళ్లి కాగానే కొత్త కాపురంలోకి ఒక గోధుమరంగు కుక్క కూడా వచ్చింది. ముద్దుపేరు బొండం. దానికిక చివరి పరీక్ష మిగిలింది: దారిలో బిస్కెట్ పడి ఉన్నా ముట్టకుండా సాగిపోవాలి. గట్టెక్కితే చూపులేని సంగీతం టీచరు ఒకావిడతో వెళ్లిపోతుంది.

"మా తమ్ముడి భుజం పట్టుకుని క్లాసుకెళ్లడం నావల్ల కాదమ్మా, వాడి కబుర్లు వినలేక చస్తున్నా," అనేవారు ఆవిడ. బొండం పరీక్ష తప్పితే, మరో కుక్క తయారయ్యేదాకా ఆ కబుర్లే గతి.

అంత బుద్ధిమంతురాలికి ఉన్నట్టుండి ఏమైందో! వీధిలో బిస్కెట్ కనిపిస్తే చాలు, మా ఆయన్ని కూడా ఈడ్చుకుపోతోంది. కాసేపు ఆగితే గిన్నెడు మాంసం దొరుకుతుందని తెలిసినా, మా ఆయన అరచేతిలో ఉన్న చిన్న బిస్కెట్ ముక్కకే ఎగబడుతోంది. రోజూ తినే తిండికి మూతి తిప్పుకుంటోంది. మా ఆయన బుర్ర గోక్కున్నాడు. బుర్ర గోక్కుంటే కూడా ఎంత ముద్దుగా ఉన్నాడో అని నేను చూస్తూ కూర్చున్నాను.

మా భోజనాలు పక్కవాటాలో ఉండే అమ్మ దగ్గరే. కొత్త అల్లుడని రోజూ కేకు చేస్తుంది. "ఇంకొక్క ముక్క, బాబూ," అంటే ఆయన కాదనడు. ఒకరోజు చెంచా జారిపడి, తీయడానికి వంగాను. బల్ల కింద మా ఆయన చెయ్యి, చేతిలో కేకు, కేకు మీద బొండం మూతి!

ఇంటికి రాగానే నిలదీశాను. "తీపీ కొవ్వూ మరిగిన జంతువు తనని తాను ఆపుకోలేదని, మనం కలిసిన మొదటిరోజే గంటసేపు పాఠం చెప్పావు కదయ్యా!"

"చెప్పాను. మీ అమ్మగారు పెడితే వద్దనడం ఎలాగే? చిన్నబుచ్చుకుంటారు."

"ఎలుగుబంటంత కుక్కల్ని కూర్చోబెడతావు, మా అమ్మంటే భయమా?"

"కుక్కలు 'బాబూ' అని పిలవవుగా!"

నవ్వి నవ్వి మంచం మీద పడ్డాను.

మర్నాడు అమ్మ కేకు కోస్తుంటే మా ఆయన ధైర్యం చేసి, "అత్తయ్యగారూ, నాకు కేకు... అంత ఇష్టం లేదండీ," అన్నాడు.

అమ్మ చాకు కింద పెట్టేసింది. "ముందే చెప్పొచ్చుగా బాబూ! మీరు వదలకుండా తింటున్నారని నడుం పడిపోతున్నా చేస్తున్నాను!"

ఆనాటినుంచి బొండానికి ఉడికించిన మాంసం, అన్నం మాత్రమే. మొదట్లో గిన్నెకి వీపు పెట్టి అలిగింది. మేం బతిమాలలేదు. వారాలు గడిచేకొద్దీ గిన్నె నాకి శుభ్రం చేయసాగింది. "ఆగు" అంటే ఆగసాగింది.

పరీక్షనాడు టీచరుగారు బొండం వీపు మీది పిడి పట్టుకుని నడుస్తుంటే, వెనకాల మేమిద్దరం అడుగులో అడుగు వేస్తూ నడిచాం. కాలిబాట మీద పరీక్షాధికారి వేసిన క్రీము బిస్కెట్. బొండం చూసింది. చొంగ కార్చింది. పక్కనుంచి సాగిపోయింది.

"ఇక్కడేముందమ్మా? పిడి వణికింది," అన్నారు టీచరుగారు.

"క్రీము బిస్కెట్ అండీ!" సంతోషం పట్టలేక అరిచేశాను.

"అయ్యో పాపం! నడు తల్లీ, క్లాసులో పిల్లలు గోల చేస్తుంటారు."

అధికారి నవ్వుతూ తలూపాడు. టీచరుగారూ బొండమూ మలుపు తిరిగేదాకా, చప్పట్లు కొట్టాలో ఏడవాలో తెలియక మా ఆయన నా చెయ్యి నలిపేశాడు.